పేద కిరాయిదారుల కేసులు వాదించే జూనియర్లకు మెంటర్‌గా ఉండేవారి కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ ద్వారానో, స్వచ్ఛంద సంస్థల ద్వారానో పేద కిరాయిదారుల తరఫున ఖాళీ కేసులు (ఓనరు ఇల్లు ఖాళీ చేయించమని వేసేవి) చూసే జూనియర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఫైళ్లకు బాధ్యత వహించే సీనియర్లు తరచూ అడిగేవి ఇక్కడ ఉన్నాయి. ఈ కేసులు వాదనల దగ్గర ఓడిపోవడం అరుదు. తారీఖుల దగ్గర, రశీదుల దగ్గర ఓడిపోతాయి. అందుకే కింద కూడా లెక్కల గురించి, క్యాలెండర్ గురించే ఎక్కువ ఉంటుంది.

జూనియర్ కొత్త ఫైలు తెచ్చాడు. మొట్టమొదట ఏం చూడాలి?

ఏ చట్టం కింద కేసు వేశారో చూడాలి. కక్షిదారు చెప్పే కథ తర్వాత వినొచ్చు. తెలంగాణలో కిరాయి ఇళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి 1960 నాటి భవనాల లీజు, కిరాయి, ఖాళీ నియంత్రణ చట్టం. దీని కింద ఓనరు రెంట్ కంట్రోలర్ (ఈ తగాదాలు విచారించే అధికారి) దగ్గర ఆర్.సి. (రెంట్ కంట్రోల్ కేసు) వేస్తాడు, చట్టం చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి. రెండోది ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106. అక్కడ కారణంతో పనిలేదు. 15 రోజుల నోటీసిచ్చి సివిల్ దావా వేస్తే సరిపోతుంది.

ఏ దారో తేల్చేది 1960 చట్టంలోని సెక్షన్ 32. 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు రూ. 3,500, ఇతర చోట్ల రూ. 2,000 దాటిన కిరాయిలకు ఈ చట్టం వర్తించదు. కట్టడం పూర్తయి 15 ఏళ్లు నిండని భవనాలకూ వర్తించదు. కాబట్టి ఫైలు మొదటి పేజీలో మూడు సంగతులు పెన్నుతో రాయించండి: కిరాయి ఎంత, ఎప్పటి నుంచి అంత, ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు. ఇల్లు కట్టిన ఏడు కిరాయిదారుకు తెలియకపోతే ఇంటి పన్ను రికార్డు, కరెంటు మీటరు సర్వీసు తేదీ వెతికించండి.

రూ. 3,500 దాటితే ఇక రక్షణ లేనట్టేనా? ఈ రోజుల్లో ఒక్క గదికే అంతకన్నా ఎక్కువ ఉంటోంది కదా?

అదే అసలు బాధ. 2005లో పెట్టిన అంకె అక్కడే ఆగిపోయింది, కిరాయిలు ఆగలేదు. ఎవరి కోసం చట్టం పెట్టారో వాళ్లలో చాలామంది ఇవాళ దాని బయట ఉన్నారు. పాత బస్తీలోనో, సికింద్రాబాద్ పాత గల్లీల్లోనో తాతల కాలం నుంచి ఉంటున్న వాళ్లకే ఆర్.సి. రక్షణ ఎక్కువగా దొరుకుతోంది.

సివిల్ దావాలో జూనియర్‌కు మీరు మొదటి రోజే లక్ష్యం తేల్చి చెప్పాలి. ఇల్లు శాశ్వతంగా నిలబెట్టడం సాధారణంగా కుదరదు. కుదిరేవి వేరే ఉన్నాయి: పిల్లల పరీక్షలయ్యేదాకా గడువు, అడ్వాన్సు వెనక్కి, మధ్యకాలపు నష్టపరిహారం (కిరాయి హక్కు ముగిశాక ఇంట్లో ఉన్న కాలానికి ఓనరు అడిగే సొమ్ము) తగ్గించడం, పెంచిన బకాయి లెక్క సరిచేయించడం. కక్షిదారుకు కూడా ఇదే మాట, ఇదే రోజు చెప్పించండి. గెలుస్తామని రెండేళ్లు చెప్పి, చివరి వారంలో సామాను సర్దుకోమనడం కన్నా పెద్ద అన్యాయం లేదు.

106 నోటీసులో చిన్న తప్పు పట్టుకుని జూనియర్లు సంబరపడిపోతారు. దావా వేసేనాటికి 15 రోజులు నిండి ఉంటే, నోటీసులో గడువు తక్కువ చెప్పారన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదని ఆ సెక్షన్ మూడో ఉపసెక్షనే చెబుతోంది. ఆ వాదన మీద నాలుగు పేజీలు ఖర్చు పెట్టనివ్వకండి.

ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగ్గొట్టారన్న కేసుల్లో మెంటర్ స్వయంగా చూడాల్సింది ఏమిటి?

కిరాయి పట్టిక. దీన్ని జూనియర్‌కు వదిలేసి, చేశానంటే నమ్మి ఊరుకోవద్దు. సెక్షన్ 10 ప్రకారం ఒప్పందంలో గడువు ఉంటే అది దాటిన 15 రోజుల్లోపు కిరాయి చెల్లాలి. గడువేమీ రాసుకోకపోతే, ఏ నెల కిరాయో దాని తర్వాతి నెల ఆఖరి రోజు లోపు చెల్లాలి.

జూన్ కిరాయి తీసుకోండి. తర్వాతి నెల 5వ తేదీన ఇవ్వాలని ఒప్పందంలో ఉంటే జులై 20 దాకా సమయం ఉంది. ఏమీ రాసుకోకపోతే జులై 31 దాకా ఉంది. జులై 18న ఇచ్చిన కిరాయిని ఓనరు పిటిషన్‌లో ‘ఆలస్యం’ అని రాస్తే, జూనియర్ కౌంటర్‌లో (పిటిషన్‌కు ఇచ్చే రాతపూర్వక జవాబులో) ‘అనారోగ్యం వల్ల ఆలస్యమైంది, క్షమించాలి’ అని రాసేస్తాడు. లేని తప్పును ఒప్పుకున్నట్టయింది!

పట్టికలో ఆరు గడులు చాలు: ఏ నెల, ఎంత, చట్టం ప్రకారం ఆఖరి తేదీ, ఇచ్చిన తేదీ, ఎలా ఇచ్చారు, రుజువు ఎక్కడుంది. కనీసం మూడేళ్లు వెనక్కి వెళ్లండి. ‘చేతికిచ్చాను, రశీదు ఇవ్వలేదు’ అన్న నెలలకు ఎర్ర ఇంకు వాడండి. ఆ ఎర్ర వరసలే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు ప్రశ్నలవుతాయి. సెక్షన్ 8 ప్రకారం రశీదు అడిగే హక్కు కిరాయిదారుకు ఉంది. అడిగారా, అడిగితే ఓనరు ఏమన్నాడు అన్నది కూడా పక్కన రాయించండి.

ఎగవేత నిజంగానే జరిగి, అది ఉద్దేశపూర్వకం కాదని కంట్రోలర్ నమ్మితే 15 రోజులకు మించని గడువిచ్చి, కట్టేస్తే పిటిషన్ కొట్టేయొచ్చు. ఆ మాట కౌంటర్‌లో ప్రత్యామ్నాయంగా ఉండాలి. ఆస్పత్రి కాగితం, పని పోయిన తేదీ, చీటీ ఎగ్గొట్టినవాడి మీద ఇచ్చిన ఫిర్యాదు లాంటి ఆధారం జతపరచాలి. వట్టి ‘పేదరికం’ అని రాస్తే కంట్రోలర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

సెక్షన్ 11 అంటే అందరూ ఎందుకు భయపడతారు?

కేసు నడుస్తుండగా కిరాయి కట్టకపోతే కేసే చేజారుతుంది కనుక. ఖాళీ పిటిషన్ పడ్డాక కిరాయిదారు ఎదిరించాలంటే అప్పటిదాకా ఉన్న బకాయి అంతా కట్టాలి లేదా డిపాజిట్ చేయాలి, తర్వాత నెలనెలా కడుతూనే ఉండాలి. తగిన కారణం చూపకుండా ఆగితే కంట్రోలర్ విచారణ నిలిపేసి ఇల్లు ఓనరుకు అప్పగించమని ఆదేశిస్తారు. మీ అద్భుతమైన క్రాస్ ఎగ్జామినేషన్‌కు వేదికే ఉండదు. అప్పీలులోనూ ఇదే షరతు.

ఎంత కట్టాలన్న దాని మీద తగాదా ఉంటే, కట్టకుండా కూర్చోకూడదు. ఒప్పుకున్న మొత్తం కట్టేసి, మిగతాది తేల్చమని అదే సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలి. డిపాజిట్ తేదీలను కేసు డైరీలో వాయిదాలతో సమానంగా రాయించండి. కిరాయిదారు ఫోన్‌కు ఐదు రోజుల ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి గుర్తుచేయాలి. కూలి పని చేసేవాళ్లకు నెల మొదట్లో డబ్బులుంటాయి, 20వ తేదీకి ఉండవు. డిపాజిట్ తేదీని దానికి తగ్గట్టు మొదటి వారంలోనే పెట్టుకోమనండి.

సివిల్ దావాలకూ దాదాపు ఇలాంటి ఉచ్చే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మనకు చేర్చిన ఆర్డర్ 15-ఎ కింద బకాయి, నెలసరి కిరాయి జమ చేయకపోతే కోర్టు కిరాయిదారు డిఫెన్స్ (ఎదురు వాదన) కొట్టేయొచ్చు. ఆర్.సి.లకే అలవాటుపడ్డ జూనియర్ దీన్ని మర్చిపోతాడు.

ఓనరే కిరాయి తీసుకోవడం మానేశాడు. జూనియర్ ‘వాళ్లే తీసుకోలేదు’ అని కౌంటర్ రాశాడు. సరిపోతుందా?

సరిపోదు. సెక్షన్ 8లో మెట్లున్నాయి. బ్యాంకు ఖాతా చెప్పమని ఓనరుకు రాతపూర్వక నోటీసివ్వాలి. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డర్ పంపాలి. అదీ తిరస్కరిస్తే కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయాలి. నోటీసు పంపిన పోస్టు రశీదు, తిరిగొచ్చిన కవరు చించకుండా అలాగే దాచాలి. ‘తీసుకొనుటకు నిరాకరించిరి’ అని పోస్ట్‌మన్ రాసిన ఆ ఒక్క ముక్క చాలా కేసుల్లో ఎగవేత ఉద్దేశం లేదనడానికి బలమైన సాక్ష్యం.

ఓనరు చనిపోయి కొడుకులు కొట్టుకుంటుంటే ఎవరికివ్వాలో తెలియదు. అప్పుడు సెక్షన్ 9 కింద డిపాజిట్. పెద్ద కొడుకు గట్టిగా అడిగాడని అతని చేతిలో పెట్టేస్తే, చిన్నవాడు వేసిన కేసులో మళ్లీ కట్టాల్సి రావచ్చు.

కౌంటర్ సరిదిద్దేటప్పుడు ఎర్రజెండా ఎక్కడ?

‘పిటిషనరు ఈ ఇంటికి యజమానే కాదు’ అన్న వాక్యం దగ్గర. పాత కౌంటర్లలోంచి ఎత్తిపోసేటప్పుడు ఇది తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. సదుద్దేశం లేకుండా హక్కు కాదనడమే ఖాళీకి ఒక కారణం. అంటే లేని కారణాన్ని మన చేత్తో మనమే ఇచ్చినట్టు. నిజంగా సందేహం ఉంటే, ఎవరు కిరాయికిచ్చారు, ఎవరికి కట్టారు, ఎప్పుడు సందేహం వచ్చింది అన్నది తేదీలతో రాయాలి. అది సదుద్దేశంతో కూడినదని కంట్రోలర్ తేల్చితే ఓనరు సివిల్ కోర్టుకు పోవాలి.

ఇంకో రెండు. ప్రతి పేరాకూ విడివిడిగా జవాబుండాలి, ‘మిగతావన్నీ అబద్ధం’ అని గుంపుగా కొట్టిపారేస్తే పనికిరాదు. అలాగే ఓనరు సొంత అవసరమని వేస్తే, ఆయనకు ఊళ్లో ఇంకా ఏ ఇళ్లున్నాయో డోరు నంబర్లతో రాయించండి. అదనపు వసతి కావాలని అడిగిన కేసైతే ఇరువైపుల కష్టాన్ని తూచే నిబంధన ఉంది. కిరాయిదారు బడి, పని, ఆస్పత్రి ఆ ఇంటికి ఎంత దూరమో అప్పుడు పనికొస్తుంది.

ఫోన్‌పే, గూగుల్‌పే స్క్రీన్‌షాట్లు చాలవా?

చాలవు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు. మొదటిది పరికరం చేతిలో ఉన్న కక్షిదారు సంతకం చేసేది, రెండోది నిపుణుడిది. హాష్ విలువ (ఫైలు మార్చలేదని చూపే కంప్యూటర్ సంకేతం) కూడా రాయాలి. రోజుకు ఆరేడొందలు సంపాదించే మనిషికి ఇది మోయలేని పని. అందుకే ముందు బ్యాంకుకు పంపండి. బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంట్‌లో అదే చెల్లింపు కనబడుతుంది, దానికి 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం అండ ఉంది. వాట్సాప్‌లో ఓనరు ‘ముట్టింది’ అని పెట్టిన మెసేజ్ లాంటివాటికి మాత్రం సర్టిఫికెట్ తప్పదు. ఆ ఫోను అమ్మేయొద్దని, రిపేరుకిచ్చి ఫార్మాట్ చేయించొద్దని కక్షిదారుకు మొదటి రోజే చెప్పించండి.

స్టాంపు లేని 11 నెలల ఒప్పందాన్ని కూడా చూసుకుని దాఖలు చేయండి. సుంకం, దాని మీద పది రెట్ల దాకా జరిమానా అడిగే ప్రమాదం ఉంది.

రాజీ కుదిరేలా ఉంది. జూనియర్‌ను ఒంటరిగా లోక్ అదాలత్‌కు పంపొచ్చా?

పంపొద్దు, కనీసం మొదటి పది కేసుల్లో. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. అక్కడ పెట్టిన వేలిముద్రే ఆఖరి మాట. రాజీ మెమో మీద సంతకానికి ముందు మీరు చూడాల్సినవి:

- ఖాళీ తేదీ నెలలో ఎన్నో రోజు. నెల మధ్యలో పెడితే కొత్త ఇంటికి, పాత ఇంటికి రెండు కిరాయిలు పడతాయి.
- అడ్వాన్సు తాళంచెవి ఇచ్చే ముందా, తర్వాతా. ‘తర్వాత ఇస్తాం’ అన్నది చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఒకే పూట, ఒకే చోట అని రాయించండి.
- బకాయి మాఫీ అయితే అంకెతో సహా రాశారా. ‘పరస్పరం ఏ బాకీ లేదు’ అన్న మాట ఉందా.
- కరెంటు, నీళ్ల బిల్లులు ఏ తేదీ దాకా ఎవరివి.
- తేదీ తప్పితే ఏమవుతుంది.

ఆ ఆఖరిది కోర్టుకు ఇచ్చే హామీ అఫిడవిట్ అయితే మరీ జాగ్రత్త. హామీ తప్పితే కోర్టు ధిక్కరణ దాకా పోవచ్చు. దాన్ని కక్షిదారుకు తెలిసిన భాషలోనే చదివి వినిపించాలి. ఉర్దూ తప్ప రాని మనిషికి తెలుగులో గబగబా చెప్పి, ‘అర్థమైందా’ అంటే అందరూ తలూపుతారు. ‘ఏ తారీఖున ఇల్లు వదలాలి, ఎంత చేతికొస్తుంది’ అని తిరిగి అడగండి. జవాబు తప్పొస్తే ఆ రోజు సంతకం వద్దు.

ఓనరమ్మకు కూడా ఉచిత న్యాయ సహాయం ఇచ్చారట. ఇదెలా?

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా అర్హత ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు కూడా అంతే. కాబట్టి ఒకే సంస్థ నుంచి ఇరువైపులా ప్యానెల్ లాయర్లు రావడం తప్పేమీ కాదు. కానీ ఆ ఇద్దరికీ ఒకే మెంటర్ ఉండకూడదు. పొరపాటున ఇద్దరూ మీ దగ్గరికే వచ్చి ఉంటే, రెండో ఫైలు తెరవకుండానే సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పి మార్పించండి. విన్నాక మార్చుకోవడం కుదరదు, ఎందుకంటే విన్నది మర్చిపోలేరు కదా.

కక్షిదారు దగ్గర ఖర్చులకు కాస్త తీసుకోవచ్చా?

వద్దు. న్యాయ సహాయం కింద ప్యానెల్ లాయరు కక్షిదారు నుంచి ఫీజు అడగకూడదు, ఇచ్చినా తీసుకోకూడదు. చిక్కు వచ్చేది ఫీజుతో కాదు, కిరాయి డిపాజిట్ డబ్బుతో. ‘సార్, మీరే కట్టేయండి’ అని నగదు జూనియర్ చేతిలో పెడతారు. అతను మర్నాడు కడదామనుకుంటాడు, మర్నాడు సెలవు. కిరాయిదారే చలానా మీద కట్టాలి, అసలు తన దగ్గర ఉంచుకుని ఫొటో ఫైలుకు పంపాలి. ఇందులో మినహాయింపు పెట్టుకోకండి.

ఒక్కో జూనియర్‌కు ఎన్ని ఫైళ్లు? వారానికి ఎంతసేపు కూర్చోవాలి?

ఏడాది అనుభవం లోపు వాళ్లకు ఖాళీ కేసులు పదిహేను దాటనివ్వకపోవడం మంచిదని మా అభిప్రాయం. సాక్ష్యం దశలో ఉన్నవి ఒకేసారి నాలుగు మించొద్దు. నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2010 నిబంధనలు మానిటరింగ్, మెంటరింగ్ కమిటీ పెట్టి ప్రతి కేసు ప్రగతీ చూడమన్నాయి. కానీ కమిటీకి వెళ్లే నివేదికలో ‘వాయిదా పడింది’ అని ఉంటుంది, ఎందుకు పడిందో ఉండదు. ఆ ‘ఎందుకు’ కోసమే వారానికి ఒక గంట.

ఆ గంటలో కథలు వద్దు. ప్రతి ఫైలుకు 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరుతో (ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ జూనియర్ డైరీతో సరిపోతోందా చూడండి. తర్వాత డిపాజిట్. తర్వాత వచ్చే వాయిదాకు ఎవరు ఏం సిద్ధం చేయాలి. ఒక్కో ఫైలుకు నాలుగు నిమిషాలు పడుతుంది. క్రాస్ ఉన్న వారం మాత్రం వేరే కూర్చోవాలి. ప్రశ్నలు ముందే రాసుకురమ్మనండి, జవాబు తెలియని ప్రశ్నలు కొట్టేయండి.

జూనియర్ రాలేదు, కేసు ఎక్స్‌పార్టీ (మనవైపు వినకుండానే ఉత్తర్వు) అయింది. ఇప్పుడు?

అదే రోజు సాయంత్రం కదలండి. ఆ ఉత్తర్వును పక్కన పెట్టించే పిటిషన్‌కు సివిల్ డిక్రీలోనూ, రెంట్ కంట్రోల్‌లోనూ 30 రోజులే. దాంతోపాటు కౌంటర్ కూడా జతచేసి వేయండి, ఆలస్యం చేసే ఉద్దేశం లేదని కనబడుతుంది. బకాయి ఉంటే అదీ జమ చేయండి. తప్పు లాయరుదైతే అలాగే రాయాలి. కక్షిదారుకు జ్వరం వచ్చిందని అబద్ధపు అఫిడవిట్ ఇప్పించొద్దు.

ఇది రాకుండా ఉండాలంటే వకాలత్‌నామాలో (కక్షిదారు లాయరుకు అధికారమిచ్చే పత్రంలో) మొదటి నుంచీ మీ పేరు కూడా ఉండాలి. పేరు లేకపోతే ఆ రోజు కోర్టు హాల్లో మీరున్నా పరాయివారే.

ఓనరు సామాను బయటేసి తాళం వేశాడు. స్టేషన్‌లో ‘సివిల్ మ్యాటర్’ అన్నారు.

నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా. ఇందులో హక్కు ఎవరిదన్న ప్రశ్న రాదు, చట్టబద్ధంగా కాకుండా బయటికి నెట్టారా అన్నదొక్కటే. జూనియర్‌ను ఆ రోజే అక్కడికి పంపండి: తాళం, బయటపడ్డ సామాను ఫొటోలు, 112కు చేసిన కాల్ సమయం, గ్యాస్ పుస్తకం, పక్కింటి ఇద్దరి పేర్లు. వారం పోతే పక్కింటివాళ్లు ‘మాకెందుకు బాబూ’ అంటారు. తాళం బదులు కరెంటు, నీళ్లు కోసేస్తే 1960 చట్టం వర్తించేచోట సెక్షన్ 14 ఉంది. వర్తించకపోతే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 43 చూడండి. నివాసం ఉన్న వ్యక్తి కూడా కనెక్షన్ అడగొచ్చు.

ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. ఆ రోజు ఏం చేయాలి?

ఆర్డరు విన్న పూటే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించండి. హైదరాబాద్‌లో కంట్రోలర్ ఆర్డరు మీద అప్పీలు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి ముందు, సెక్షన్ 20 కింద 30 రోజుల్లో వేయాలి. కాపీకి పట్టిన కాలం మినహాయిస్తారు, కానీ దరఖాస్తే పెట్టని రోజులు మనవే. ఆలస్య మాఫీ మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేయకండి. అప్పీలుతోపాటే స్టే అర్జీ, దాంతోపాటే ఆ రోజు దాకా కిరాయి కట్టిన చలానాలు. తర్వాత హైకోర్టుకు సెక్షన్ 22 రివిజన్.

అప్పీలు వేసినంత మాత్రాన ఖాళీ ఆగదు. జూనియర్ ‘అప్పీలు వేశాం, ఏం కాదు’ అని ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే, స్టే రాకముందే ఈ.పి. (ఆర్డరు అమలు పిటిషన్) పడి అమీను (ఖాళీ చేయించే కోర్టు ఉద్యోగి) గుమ్మంలో నిలబడతాడు. స్టే ఉత్తర్వు కాపీ ఒకటి కిరాయిదారు ఇంట్లో, తలుపు దగ్గర కనబడేచోట ఉండాలి. అమీను వచ్చేది పగటిపూట, మగవాళ్లు పనికి పోయినప్పుడు. ఇంట్లో ఉన్న ముసలమ్మకు ఆ కాగితం ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ కేసులకూ ఇదే వాడొచ్చా?

సెక్షన్ నంబర్లు వాడొద్దు. అక్కడ నివాస, నివాసేతర ప్రాంగణాల కిరాయికి 2017 నాటి వేరే చట్టం ఉంది. పట్టిక, డిపాజిట్ డైరీ, రాజీ మెమో జాగ్రత్తలు మాత్రం విజయవాడలోనైనా అవే.

జూనియర్ ప్యానెల్ వదిలి వెళ్లిపోతున్నాడు. ఫైళ్లు ఎలా తీసుకోవాలి?

కట్టగా తీసుకోవద్దు. ఒక్కోదానికి వాయిదా తేదీ, ఆఖరి డిపాజిట్ నెల, కోర్టులో ఉన్న అసలు కాగితాల జాబితా, కక్షిదారు ఫోను, ఇంకో బంధువు ఫోను రాయించుకుని సంతకం పెట్టించుకోండి. కొత్త లాయరు వకాలత్‌కు పాతవారి నో అబ్జెక్షన్ అదే రోజు తీసుకోండి, ఆయన ఊరు మారాక వెతుక్కోవడం కష్టం. ఆ పైన కక్షిదారును పిలిపించి కొత్త మొహాన్ని చూపించండి. ఫోన్‌లో చెబితే వాళ్లు పాత నంబరుకే చేస్తుంటారు.